ఇనుము దొంగ

ఇనుము పోయిందని తెలిసిన రోజు సోమవారం. పోయింది గేటు కాదు, కడ్డీ కాదు. ఏడాదిన్నర పిల్ల ఒంట్లో ఉండాల్సిన ఇనుము. దానితోపాటు జింకు కూడా. ఆ పిల్లని ఇంట్లో అందరూ చిట్టెలుక అంటారు.

డాక్టరమ్మ రెండు కాగితాలు బల్ల మీద పక్కపక్కన పెట్టింది.

"ఇది పాప తిండి లెక్క. ఇంత తినే పిల్ల గోడలెక్కి దూకాలి. ఇది పాప రక్తం రిపోర్టు. ఇందులో ఏమీ లేదు. కడుపులో పురుగుల్లేవు, జబ్బూ లేదు. మరి తిన్నదంతా ఎటు పోయినట్టు?"

ఎదురుగా నిలబడ్డ సర్వే అమ్మాయి కాగితాల మీదికి వంగి చూసింది. ఆ తిండి లెక్క రాసింది తనే.

పసిపిల్లలకూ తల్లులకూ తిండిలోంచి ఇనుము, జింకు ఎంత అందుతున్నాయో తేల్చే పరిశోధన అది. ఒక వీధిలో పదిహేడు ఇళ్లు తీసుకున్నారు. పద్ధతి చిన్నదే. పిల్ల గిన్నెలో ఏం పెడితే, సరిగ్గా అదే, అంతే బరువు, మూత డబ్బాలోనూ పెట్టాలి. రోజూ సాయంత్రం నాలుగింటికి సర్వే అమ్మాయి వస్తుంది. డబ్బా మూత తీసి, పాడైందేమోనని వాసన చూసి, తూచి, ల్యాబుకి మోసుకెళ్తుంది. పది గ్రాములు తగ్గినా ఊరుకోదు. డబ్బాలో ఏముందో అదే పిల్ల కడుపులోనూ ఉందని లెక్క.

మూడు నెలల తర్వాత చేసిన రక్త పరీక్షల్లో మొదట రిపోర్టు వచ్చింది చిట్టెలుక ఇంటిదే. తల్లికి అన్నీ బాగున్నాయి. పిల్లకే లేవు.

"డబ్బా అబద్ధమాడదు. గిన్నెకీ నోటికీ మధ్య ఎవరో చెయ్యి పెడుతున్నారు. వెళ్లి పట్టుకో," అంది డాక్టరమ్మ.

చిట్టెలుక తల్లి బట్టలు కుట్టే షాపులో పనిచేస్తుంది. పొద్దున్నే గిన్నె, డబ్బా సమంగా తూచి పెట్టి తొమ్మిదింటికల్లా వెళ్లిపోతుంది. తినిపించేది నాయనమ్మ.

"ఇంకెవరక్కా? మా అత్తయ్యే," అంది తల్లి, సంగతి వినగానే. "ఈ మధ్య ఆవిడ బుగ్గలు చూశారా? గుమ్మడిపండులా నిగనిగలాడుతున్నాయి. పిల్ల చూస్తే పుల్లలా ఉంది. ఇదే నిజమైతే పాపని మా అమ్మ దగ్గరికి పంపేస్తాను. ఈవిడ నెత్తీనోరూ కొట్టుకున్నా ఆగను."

"ముందు కళ్లారా చూద్దాం," అంది సర్వే అమ్మాయి. చిట్టెలుక గంటసేపు కనబడకపోతే మంచినీళ్లు కూడా ముట్టని మనిషి ఆ నాయనమ్మ. తన ఒక్క మాటతో ఆ ఇద్దరూ విడిపోతారు.

మర్నాడు తల్లి షాపుకని బయల్దేరి వీధి చివర ఆగింది. సర్వే అమ్మాయి వచ్చాక ఇద్దరూ పెరటి వైపు నుంచి వచ్చి, వంటింటి కిటికీ కింద నక్కి కూర్చున్నారు.

లోపల చిట్టెలుక రెండు చేతులూ చాపి సిద్ధంగా ఉంది. గిన్నెలో జావ, పప్పు, సగం గుడ్డు, మెత్తగా ఉడికిన కార్జం ముక్కలు.

నాయనమ్మ వీధి గుమ్మం వైపు ఒకసారి చూసింది. తలుపు ఓరగా వేసింది. కార్జం ముక్కలు ఒక్కొక్కటీ ఏరి అరచేతిలో పెట్టుకుంది. గుడ్డూ తీసింది. ఇటు వీపు పెట్టి, అల్మరా దగ్గర కాసేపు ఏదో చేసింది. మళ్లీ తిరిగేసరికి అరచెయ్యి ఖాళీ.

"నా బంగారు తల్లివి కదూ. ఇవాళ్టికి జావతో సర్దుకో," అంది.

చిట్టెలుక ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది.

"రోజూ ఇవాళ్టికేనన్నమాట!" కోడలు పళ్లు కొరికి, ఒక్క ఉదుటున లోపలికి దూకింది. "నోరు తెరవండి అత్తయ్యా!"

నాయనమ్మ బిత్తరపోయి నోరు తెరిచింది. అందులో నాలుగు పళ్లున్నాయి. కార్జం లేదు.

"ముక్కలేవి?"

"ఎందుకే ఆ కేకలు? నేనేమన్నా మింగానా? డబ్బాలో వేశాను. అందులో జావ తీసి దీనికి పెట్టాను. తూకం చూసే వేశాలే, గ్రాము తేడా రాదు."

"డబ్బాలో ఎందుకు మామ్మగారూ?" అని అడిగింది సర్వే అమ్మాయి.

"నీ కోసమే కదమ్మా! ఎండన పడి వస్తావు. వస్తూనే మూత తీసి వాసన చూస్తావు. చెంచాడు తగ్గితే మొహం మాడ్చుకుంటావు. అంత ఆకలి మీదున్న ఆడపిల్లకి వట్టి జావ ఎలా పంపను? ఇదంటే ఇంట్లో పిల్ల, రేపైనా తింటుంది."

కోడలు ఇంకా నడుం మీద చేతులు పెట్టుకునే ఉంది. మొదట భుజాలు కదిలాయి. తర్వాత నవ్వు ఆగక నేల మీద కూలబడింది.

"అది తినడానికి కాదత్తయ్యా! ల్యాబులో పరీక్ష చెయ్యడానికి!"

"ఎవరూ తినరా?" నాయనమ్మ మొహం అప్పుడు పాలిపోయింది. "మూడు నెలల కార్జం!"

కోడలు డబ్బాలోంచి ముక్కలు తీసి గిన్నెలో వేసింది. "ఇంద, మీ మనవరాలికి మీరే పెట్టండి. పాపని ఎక్కడికీ పంపన్లెండి," అంది. చిట్టెలుక ఏడుపు మానేసి నమలసాగింది.

సర్వే అమ్మాయి తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. తప్పు ఒక్క ఇంటిదే. మిగతా పదహారు ఇళ్ల లెక్కా భద్రం.

"ఏమీ అనుకోకు తల్లీ," అంది నాయనమ్మ. "రోజూ పదిహేడు డబ్బాలు తింటున్నా నువ్వింకా పుల్లలాగే ఉన్నావేమిటని, మొదటి వారంలోనే మా నాయనమ్మలూ అమ్మమ్మలూ అందరం పార్కు బెంచీ మీద కూర్చుని బాధపడ్డాం. ఆ రోజు నుంచీ ప్రతి ఇంట్లోనూ మంచి ముక్క నీ డబ్బాకే."

పదిహేడు ఇళ్ల లెక్కా మళ్లీ మొదటినుంచి రాయాలి.