సిస్టం ఒప్పుకోలేదు

“లైన్ ఇవ్వమంటుంటే మీకు కాదూ చెప్పేది!”

ఇంజనీరు గారు ఫోన్లో అరిచిన అరుపుకి ఆసుపత్రి వరండాలో జనమంతా తలలు తిప్పారు. లోపల ఆపరేషన్ నడుస్తోంది. జనరేటర్లో డీజిల్ ఇంకో ఇరవై నిమిషాలకి మించి రాదని డాక్టరు గారు అప్పటికే రెండుసార్లు వచ్చి చెప్పి వెళ్లారు.

“సిస్టం ఒప్పుకోవడం లేదు సార్,” అంది సబ్‌స్టేషన్లో ఆపరేటరమ్మ, నింపాదిగా. “ఒక మనిషి ఇంకా స్తంభం మీదే ఉన్నాడంటోంది.”

ఆయనకి చిర్రెత్తుకొచ్చింది. తెగిన తీగలు కట్టేశామనీ, ఐదుగురూ దిగిపోయామనీ లైన్ ఇన్‌స్పెక్టరు స్వయంగా ఫోన్ చేసి చెప్పాడు. పైగా ఆ సిస్టం తెచ్చింది తనే. పాత రిజిస్టర్లని అటకెక్కించి, లైన్‌మెన్ ముఠాకో ట్యాబ్ చేతికిచ్చి, స్తంభం దిగాక ఎవరి పేరు వాళ్లే నొక్కాలని గొంతు చించుకున్నదీ తనే. ఇప్పుడది తన మెడకే చుట్టుకుంది.

“దానికి పిచ్చెక్కినట్టుంది. పక్కన పెట్టి స్విచ్ వెయ్యండి.”

“సిస్టం వద్దంటే ఎవరు చెప్పినా వెయ్యొద్దని మీరే అన్నారు కదా సార్. ఒక్కసారి తలలు లెక్కపెట్టించండి.”

ఇంజనీరు గారు పళ్లు నూరుకుంటూ లైన్ ఇన్‌స్పెక్టరుకి ఫోన్ చేశారు.

“అందరం దిగాం సార్. జీపులో వచ్చేస్తున్నాం.”

“జీపులో ఎంతమంది?”

“నాతో కలిపి నలుగురం. బక్కోడు వెనకాల బండి మీద వస్తున్నాడు.”

“కళ్లారా చూశావా?”

అవతల జీపు గిరుక్కున వెనక్కి తిరిగిన చప్పుడు వినిపించింది.

ఆరు నిమిషాలు. డాక్టరు గారు మూడోసారి తలుపు తీసి చూశారు. ఇంజనీరు గారు ఆయన మొహం చూడలేక గోడవైపు తిరిగి నిలబడ్డారు. ఫోన్ మోగింది.

“ఉన్నాడు సార్! మలుపు అవతల ఆఖరి స్తంభం మీద... రెండు చేతులా తీగ పట్టుకుని కడుతున్నాడు. ఫోనేమో కింద సంచిలో ఉంది.”

ఇంజనీరు గారు అక్కడే బల్ల మీద కూలబడ్డారు. తను అరిచిన అరుపుకి ఆవిడ జడిసి స్విచ్ వేసేసి ఉంటే!

బక్కోడు దిగాడు. డీజిల్ ఇంకా నాలుగు నిమిషాలుందనగా కరెంటొచ్చింది.

ఇంజనీరు గారు తిన్నగా సబ్‌స్టేషన్‌కి వెళ్లారు. దారి పొడుగునా అబ్బురమే. ఎక్కడో మలుపు అవతల, ఎవరి కంటా పడని మనిషిని కూడా లెక్క తప్పనివ్వలేదంటే, అది యంత్రమా, దేవతా! లోపలికి అడుగు పెట్టగానే సిస్టం తెర ముందు తనకి తెలియకుండానే చేతులు జోడించారు.

“ఏదమ్మా, ఒకడు దిగలేదని చూపించిన ఎర్ర గుర్తు? ఫొటో తీసి పైవాళ్లకి పంపాలి. ఈ సిస్టం ఎందుకూ కొరగాదన్న ప్రతివాడూ చూడాలి.”

ఆపరేటరమ్మ ఇబ్బందిగా కుర్చీ పక్కకి జరిపింది.

తెర మీద ఐదు పేర్లూ పచ్చగా ఉన్నాయి. ఐదు పేర్ల పక్కనా దిగిన టైము పదకొండు గంటల పన్నెండు నిమిషాలనే ఉంది. అంటే ఆయన మొదటి ఫోన్‌కి ముందే. కింద పెద్ద అక్షరాలు: అందరూ దిగారు, లైన్ ఇవ్వవచ్చు.

“ఐదు స్తంభాల మీంచి ఐదుగురు ఒకే నిమిషంలో ఎలా దిగుతారు సార్? ఎవరో ఒకళ్లే అందరి పేర్లూ నొక్కేశారనిపించింది,” అంది ఆవిడ. “నా అనుమానమంటే మీరు ఆగరని, సిస్టం మాటని చెప్పాను.”