అదే చోట, అదే ఎరుపు

ఆయన భార్యను చంపింది జబ్బు కాదు, ఫోనులోని ఒక ఎర్ర బటన్. ఆ సంగతి ఆయనకు తేలిపోయి పదకొండు నెలలైంది. తేలాల్సింది కంపెనీవాళ్ళకే.

పదిహేడు ఉత్తరాలు రాశాక ఇవాళ పిలిచారు. గాజు గోడల గదిలో బల్లకు ఇటు ఆయన, పక్కన కూతురు. అటు ముప్పయ్యేళ్ళు కూడా నిండని ఒక అమ్మాయి. అంబులెన్సును పిలిచే ఆ యాప్‌లో ఏ బటన్ ఎక్కడ ఉండాలో, ఏ రంగులో ఉండాలో గీసింది తనేనని ఆమే చెప్పింది. ముందు ఒక కాగితం బోర్లించి పెట్టుకుంది.

ఆయన ముప్పై నాలుగేళ్ళు నూలు మిల్లులో ఎలక్ట్రీషియన్. తోటివాళ్ళు ఫ్యూజు అని పిలిచేవారు, ఎదుటివాడి మాట పూర్తికాకముందే ఎగిరిపోతాడని.

"మిల్లులో నడిపే బటన్ పచ్చగా ఉంటుంది, ఆపేది ఎర్రగా ఉంటుంది. మధ్యలో జానెడు ఎడం. అక్షరం ముక్క రానివాడు కూడా చీకట్లో తడిమి ఆపగలడు. మీరు పిలవడానికీ ఎరుపే పెట్టారు, వద్దనడానికీ ఎరుపే పెట్టారు. అదీ ఒకే చోట. పిలిచీ పిలవగానే పిలుపు బటన్ పోయి, దాని జాగాలో రద్దు బటన్ వచ్చి కూర్చుంటుంది. గాబరాలో ఉన్నవాడు ఒక్కసారే నొక్కి ఊరుకుంటాడా అమ్మాయ్?"

"ఊరుకోడండీ," అంది ఆమె తల దించుకుని.

ఖాతా ఎవరి పేరు మీద ఉందని అడిగింది. నాన్న పేరు మీదేనని కూతురు చెప్పింది. ఆ ఒక్క ఖాతానే అమ్మానాన్నలిద్దరి ఫోన్లలోనూ తానే పెట్టిందట, ఎలా నొక్కాలో కూడా చూపించిందట. అమ్మ ఒక్క పూటలో నేర్చుకుని నాన్నను ఆటపట్టించేదట: "మిల్లంతా బటన్లు బిగించాడు గాని, ఒక్కటీ నొక్కడం రాదు."

ఆ మాటకు ఆయన నవ్వలేదు. ఆ మధ్యాహ్నం సంగతి మళ్ళీ మొదలుపెట్టాడు. ఎక్కడ ఆగుతాడో, ఎక్కడ గొంతు సవరించుకుంటాడో కూతురికి కంఠతా వచ్చు.

భార్యకు ఊపిరి అందలేదు. అప్పటికే రెండుసార్లు ఆసుపత్రిలో గొట్టాల మధ్య నెలల తరబడి పడుకుని వచ్చింది. మళ్ళీ అక్కడికి వద్దని ఎప్పటినుంచో అంటోంది. ఆయన ఎవరి మాటా వినే రకం కాదు. ఫోను తీసి ఎర్ర బటన్ నొక్కాడు. తెర మీద చక్రం తిరుగుతూ ఉండిపోయింది. అందలేదేమోనని ఇంకోసారి నొక్కాడు.

అప్పుడు ఆమె పెద్దగా గొడవ పెట్టుకోలేదు. పైగా ఆమే చెప్పింది.

"సందు మలుపులో నిలబడండి. బండివాళ్ళు ఇల్లు తెలియక తికమకపడతారు. నాకేం ఫర్వాలేదు, వెళ్ళండి."

ఇన్నాళ్ళకు దారికి వచ్చిందని ఆయన ఫోను జేబులో వేసుకుని పరుగెత్తాడు. నలభై నిమిషాలు రోడ్డు మీదే కళ్ళు పెట్టుకుని నిలబడ్డాడు. చివరికి ఫోను తీసి చూస్తే తెర మీద ఒక ముక్క ఉంది. 'మీరు కోరినట్టే పిలుపు రద్దు చేశాం. ధన్యవాదాలు.'

ఇంటికి వచ్చేసరికి ఆమె గోడవైపు తిరిగి ఉంది. పిలిస్తే ఇటు తిరగలేదు.

"ధన్యవాదాలట," అన్నాడు. "మనిషి ప్రాణం తీసి ధన్యవాదాలు చెప్పే యంత్రాన్ని నేనెక్కడా చూడలేదు."

తర్వాత ఆ అమ్మాయి, మీ రెండో నొక్కుడు లెక్కలోకి రాలేదని నెమ్మదిగా చెప్పింది. చక్రం తిరుగుతున్నంతసేపూ బటన్ పనిచేయదట. రద్దు వచ్చింది ఇంకో మూడు నిమిషాల తర్వాత.

"జేబులో వేసుకున్నారు కదా, చెయ్యి తగిలి ఉంటుంది," అంది. "ఇంకెవరైనా అయితే 'నిజంగా వద్దా' అని ఒక్కమాట అడిగేవారు. మా యాప్ అడగలేదు. అడగాలని నాకు తోచలేదు. తప్పు మాదేనని రాసి సంతకం పెట్టిస్తామండీ. పైవాళ్ళు ఒప్పుకున్నారు."

కూతురు కళ్ళు తుడుచుకుంది. పదకొండు నెలలుగా తండ్రి అడుగుతున్నది ఆ ఒక్క సంతకమే.

ఆ అమ్మాయి బోర్లించిన కాగితం తిప్పి, వేళలు చూసుకోమని ఆయన ముందుకు తోసింది. ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. రెండే రెండు వరుసలు. పిలుపు, రద్దు. ఎదురుగా వేళలు, ఫోను నంబర్లు. ఒక్కో వరుస మీదా వేలు పెట్టి, పిల్లాడు కొత్త పాఠం చదివినట్టు చదివాడు. వేలు రెండో వరుస చివర చాలాసేపు ఆగిపోయింది.

తర్వాత కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"సంతకాలేం వద్దు."

"అదేంటి నాన్నా?"

"తప్పు ఈ అమ్మాయిది కాదు. నాది. మలుపులో నిలబడి ఫోను తీశాను. ఇప్పుడు గుర్తొచ్చింది. చూసుకోకుండా నొక్కేశాను."

"ఇన్నాళ్ళూ అలా చెప్పలేదే?"

"చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నా."

ఆ అమ్మాయి లేచి నిలబడింది. బటన్ మాత్రం జరుపుతామని, రంగు మారుస్తామని అంది. జానెడు ఎడం ఉంచమని ఆయన చెప్పాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చి, నువ్వు దీని గురించి నిద్ర మానుకోకమ్మా అన్నాడు. ఆయన ఒకరిని అమ్మా అనగా కూతురు విని చాలా కాలమైంది.

లిఫ్టు దగ్గర ఆయన బటన్ నొక్కలేదు. కూతురే నొక్కింది. ఆ కాగితం ఒకసారి చూపించమని చెయ్యి చాపింది.

ఆయన జేబు మీద అరచెయ్యి వేసి నొక్కి పట్టుకున్నాడు.

"అమ్మ పోయింది నా వేలి వల్ల. అంతే. ఈ మాట ఇక నువ్వు అడగొద్దు, నేను చెప్పను. చచ్చేదాకా చెప్పను."

కాగితంలో రద్దుకు ఎదురుగా ఉన్నది ఆయన భార్య ఫోను నంబరు.