చివర మిగిలిన ఉకారం

పోలీస్ స్టేషన్ పక్క గదిలో దెబ్బలకు కారు డ్రైవర్ మళ్లీ కేక పెట్టాడు.

"యజమాని పాపను ఎక్కడ దాచాడో కక్కిస్తాం. ఈ గొంతు వాడిదేనని మీరొక్క మాట అనండి చాలు, టీచరమ్మా," అంటూ ఇన్‌స్పెక్టర్ కిడ్నాపర్ ఫోన్ రికార్డింగ్ వినిపించాడు. అంతా ఇంగ్లిష్ బెదిరింపే.

కాల్‌సెంటర్లో ఉచ్చారణ నేర్పే ఆమె చెవి ఒగ్గి వింది.

"డ్రైవర్ కాదు సార్. అతని మాతృభాష వేరు. వీడు తెలుగువాడు. కోపం రాగానే మాటల చివర ఉకారం తగిలిస్తున్నాడు. పార్కు, బ్యాగు..."

"అయితే ముందు నన్నే లోపలెయ్యాలి," అని కానిస్టేబుల్ నవ్వాడు.

ఆమె మరోసారి పెట్టమంది. 'పార్కు' అని నోరు జారిన గొంతు ఆగి, గుటక వేసి, అదే మాటను 'పార్క్' అని తుంచి పలికింది.

"తప్పు పలికితే గుటకేసి మళ్లీ పలకమనడం నా పద్ధతే సార్."

"మీ స్టూడెంటా? వందలమంది ఉంటారే!"

"క్లాసులో ఎప్పుడూ చెప్పలేదు. ఇంట్లో ఒక్కడికే నేర్పాను."

ఇక ఆ పక్క గదిలోకి ఎవరిని ఈడ్చుకొస్తారో ఆమెకు తెలుసు. కానీ పాపకు ఆరేళ్లే.

"ఎవరికి?"

"మా తమ్ముడికి. పాపను ఎత్తుకెళ్లింది మా తమ్ముడే సార్."