రాలిపోయే రాజుకి స్టీలు కిరీటం

“గాజా? పాలపన్నులో గాజు పెడతారేటి?”

పైడిబాబు అరుపుకి సీతారాండేరా బస్తీలోని పళ్ల క్లినిక్ హాల్లో కూర్చున్నవాళ్లంతా ఒక్కసారి దవడలు పట్టుకున్నారు.

“గాజు కాదండీ, గ్లాస్ ఐయనోమర్,” అంది డాక్టర్ సౌజన్య, చేతిలో ఎక్స్‌రేతో. “అదొక పొడి. కలిపి, పుచ్చిన గుంతలో నింపుతాం. చవకే. కానీ నమిలే చోట ఏడాదో, రెండేళ్లో...”

గుంతల గురించి పైడిబాబుకి ఇంకొకరు చెప్పాలా! పర్సుడీహ్ వైపు గల్లీ రోడ్ల గుంతలు పూడ్చే కాంట్రాక్టు ఆయనది. పూడ్చింది బిల్లు పాసయ్యేదాకా నిలిస్తే గట్టి పని. తొలి వాన దాకా నిలిస్తే శాశ్వత నిర్మాణం. ఎదుటివాళ్ల మాట పూర్తిగా వినడం మాత్రం ఏ కాంట్రాక్టులోనూ ఆయన ఒప్పుకోలేదు.

అసలు ఆయన వచ్చింది దవడ సలుపుకి. సలిపేది జ్ఞానదంతమేనని ఇంట్లోనే తేల్చేసుకున్నాడు. జ్ఞానం బుర్రలో పట్టనంత అయితే చిగుళ్లలోంచి తన్నుకొస్తుందని ఆయన నమ్మకం. ఎలాగూ వచ్చాం కదాని ఏడేళ్ల మనవరాలు మనస్వి నోరూ తెరిపించాడు. డాక్టరమ్మ ఇద్దరికీ ఎక్స్‌రే తీసి, “పాలపన్ను ఒకటి పుచ్చింది” అంది. అంతే, పైడిబాబు టెండరు తెరిచేశాడు.

“ఇంకేటేటున్నాయి?”

“కాంపోజిట్, పంటి రంగులోనే ఉండే పూడిక. ధర రెట్టింపు, జాగ్రత్తగా ఉంటే నాలుగైదేళ్లు. అన్నిటికంటే గట్టిది పన్ను మీద తొడిగే స్టీల్ క్రౌన్. ఖరీదెక్కువే, కానీ పన్ను ఉన్నన్నాళ్లూ ఉంటుంది. నా సలహా అదే, ఎందుకంటే ఈ ఎక్స్‌రేలో...”

“కిరీటమా! రేపో మాపో రాలిపోయే రాజుకి స్టీలు కిరీటమేటి డాక్టరమ్మా? స్టీలు ఊళ్లో ఉన్నామని నోట్లో కూడా ఫ్యాక్టరీ పెట్టేత్తారా?”

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. పైడిబాబుకి ఊపొచ్చింది. డాక్టరమ్మ ఊపిరి పీల్చుకుని చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్లింది.

ఆ సందులో భార్య జగదాంబ ఆయన చొక్కా లాగింది. “ఏటండీ ఆ బేరాలు? పిల్ల నాలుగు ముద్దలు నమలాలా వద్దా? గట్టిదే ఏయించండి.”

“నీకు తెల్దు, ఊరుకోయే. నాలుగేళ్లు పోతే దానంతటదే ఊడిపోతాది. డాబా మీదకి ఇసిరేసేదానికి స్టీలేటి?”

“నానాజీ, ముఝే దర్ద్ నహీ హై,” అంది మనస్వి, బడిలో అలవాటైన హిందీలో.

“చూసినావా, నొప్పి లేదంతంది! సూదంటే బయ్యం.”

జగదాంబ మనవరాలి బుగ్గ నిమిరింది. ఆమె కళ్లు చెమ్మగిల్లాయి. “కూతురు మన మీద నమ్మకంతో పిల్లనొదిలి డ్యూటీకెళ్లింది. సాయంత్రమొచ్చి అడిగితే ఏటి చెప్పాలి? మీ నాన్న పిల్ల పంట్లో పర్సుడీహ్ రోడ్డేయించినాడని చెప్పనా?”

పైడిబాబు వినిపించుకుంటే కదా.

సౌజన్య చేతులు తుడుచుకుంటూ వచ్చింది. “ఆలోచించుకున్నారా? ఈ పన్నుని చాలాకాలం కాపాడుకోవాలి. చవకది వేస్తే మళ్లీ మళ్లీ రావాల్సి ఉంటుంది.”

“కట్టే పన్నుకే నేనెప్పుడూ ఎక్కువిచ్చినోణ్ని కాదు, ఊడే పన్నుకిత్తానా? అన్నిట్లో తక్కువది, ఆ గాజు పిండే కానీండి!” పైడిబాబు హాలు వైపు తిరిగాడు. “మీరూ ఇనుకోండి! పాలపన్నుకి కిరీటమంటే మోసపోకండి!”

“మీ ఇష్టం. తర్వాత నన్ననకూడదు.”

“అంటే ఒట్టు.”

నర్సు త్రివేణి కాగితపు తువాలు తెచ్చి పైడిబాబు మెడకి కట్టబోయింది. ఆయన దాన్ని లాక్కుని, మనస్విని రెండు భుజాలూ పట్టుకుని కుర్చీ ముందుకి నెట్టాడు. “నాకెందుకమ్మా, పిల్లకి కట్టు!”

“పాప పళ్లు ముత్యాల్లా ఉన్నాయండీ,” అంది సౌజన్య, ఎక్స్‌రేని హాలంతటికీ కనబడేలా ట్యూబులైటుకి ఎత్తిపట్టి, “పుచ్చిన పాలపన్ను మీది, కింద మొలవడానికి ఇంకో పన్ను లేక యాభై ఏళ్లుగా మీ నోట్లోనే ఉండిపోయింది.”