ఎడమవైపు మూడో కుర్చీ

నాటకశాల గుమ్మం పక్కన ఈసారి కూడా బావమరిది తీసిన ఫొటోనే పెట్టారు.

ఫొటోగ్రాఫర్ దాని ముందు నిలబడి తప్పు కోసం వెతికాడు. దొరకలేదు.

చీకటి రంగస్థలం మీద ముసలి రాజు ముఖం. కంటి కింద ముడతలు కూడా విడివిడిగా కనిపిస్తున్నాయి.

ఏడాదికి ఒక్క ఫొటోకే ఆ చోటు. మొదటి ఎనిమిదేళ్లూ అక్కడున్నవి అతని ఫొటోలే. తర్వాత మూడేళ్లూ బావమరిదివి.

వాడికి కెమెరా పట్టుకోవడం నేర్పింది తనే. ఏకై వచ్చి మేకై కూర్చున్నాడు.

"ఎలా ఉంది బావా?" వెనక నుంచి బావమరిది గొంతు.

"బాగుండక ఏం చేస్తుందిరా? నీ కెమెరాతో తీస్తే గోడ కూడా నవ్వుతుంది."

"ఇద్దరికీ ఉన్నది ఒకటే చీకటి కదా."

"కెమెరా ఒకటే కాదుగా."

"ఆడలేక మద్దెల ఓడన్నాడట వెనకటికొకడు..." బావమరిది సగంలో నాలుక కరుచుకున్నాడు.

అప్పటికే తగలాల్సిన చోట తగిలింది. ఆ పూట ఫొటోగ్రాఫర్‌కు భోజనం సయించలేదు.

మర్నాడే కెమెరాల దుకాణానికి వెళ్లాడు.

"నాటకాలకు ఫ్లాష్ వాడనివ్వరు. నా కెమెరాలో వెలుగు పట్టే సెన్సర్ చిన్నది. చీకట్లో తీస్తే ముఖాల మీద రవ్వ చల్లినట్టు వస్తోంది."

దుకాణదారు పెద్ద సెన్సరున్న రెండు ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలు బల్ల మీద పెట్టి, లైట్లు ఆర్పి, రెండింటితోనూ తన చేతిగడియారాన్ని తీసి చూపించాడు.

"మొదటిదైతే బొమ్మను గోడంత చేసుకోవచ్చు సార్. రెండోది అంత పెద్దది చేయదు గానీ, చీకట్లో దీనిదే పైచేయి."

"మా బావమరిది తీసుకున్నది ఏది?"

"రెండోదే సార్. పాత మోడల్."

"కొత్త మోడల్ ఇవ్వండి."

"మీ పాత లెన్సులు దీనికి సరిపోవు సార్."

"కొత్త లెన్సులూ ఇవ్వండి."

పక్కన టార్చిలైటులో బ్యాటరీలు వేయించుకుంటున్న ముసలాయన ఇటు తిరిగాడు. టార్చి చుట్టూ ఆకుపచ్చ టేపు ఉంది. పట్టుకున్న వేళ్ల కొసలు ఎప్పుడో కాలి నున్నబడ్డాయి.

"పాతదాంతో బాగానే వస్తున్నాయి కదండీ మీ ఫొటోలు."

"మీరెక్కడ చూశారు?"

"నాటకశాల గుమ్మం పక్కన. ఎనిమిదేళ్లూ చూశాను." ముసలాయన కొంచెం సిగ్గుపడ్డాడు. "నాటకం అయిపోయాక ఆ వెలుగు మళ్లీ ఎక్కడ దొరుకుతుంది? మీ ఫొటోల్లోనే మిగిలింది."

"అయితే ఈ మూడేళ్ల వైభోగం కూడా చూసే ఉంటారు."

"చూశానండీ. ఆ అబ్బాయికి ఓపిక ఎక్కువ."

బావమరిదిని మెచ్చుకున్నవాడెవడైనా సరే, ఆ రోజుకు శత్రువే.

"మీకు కెమెరాల గురించి ఏం తెలుసు?"

"ఏమీ తెలియదండీ. చీకటి గురించైతే కొంచెం తెలుసు."

"మంచిది. మీ టార్చి సంగతి చూసుకోండి."

ముసలాయన నొచ్చుకున్నట్టు లేదు. టార్చి ఒకసారి వెలిగించి చూసుకుని, గుమ్మం దాకా వెళ్లి ఆగాడు.

"అయితే కొనేసినట్టేనా అండీ?"

"కొనేశాను. ఏం, మీ అనుమతి కావాలా?"

"అబ్బే, తెలుసుకుందామని."

నాటకశాలలో పదకొండేళ్లుగా ఫొటోగ్రాఫర్‌ది ముందు వరుసలో ఎడమవైపు మూడో కుర్చీ. బావమరిదిది కుడివైపు చివరిది. కొత్త కెమెరాతో అతను తన కుర్చీలోంచే వరసగా మూడు నాటకాలు తీశాడు.

ఇంటికి వెళ్లి పాత ఫొటోల పక్కన పెట్టి చూసుకున్నాడు. పాతవాటిలాగే ఉన్నాయి. ఇంకా చెప్పాలంటే, కాస్త మబ్బుగా ఉన్నాయి.

ఇంత కెమెరా కొన్నా వెలుగు చాలడం లేదంటే, ఎడమవైపు ఎవరో వెలుగు తగ్గిస్తున్నారు. ఎవరు తగ్గించమంటారో అతనికి వేరే చెప్పక్కర్లేదు.

నాలుగో నాటకం మొదలయ్యే ముందు బావమరిదిని నిలదీశాడు.

"లైట్ల గదిలో వాళ్లతో ఏం మాట్లాడుకున్నావురా?"

"లైట్ల గదికి దారి ఎటో కూడా నాకు తెలియదు బావా."

"నేను తెలుసుకుంటాలే."

పదకొండేళ్లలో మొదటిసారి వెనకవైపు ఇనుప మెట్లెక్కి పైకి వెళ్లాడు. లైట్ల మీటల ముందు ఒకావిడ కూర్చుని ఉంది.

"ఎడమవైపు వెలుగు ఎందుకు తగ్గిస్తున్నారు?"

"తగ్గించలేదండీ. పెద్దాయన ఎలా రాసిపెట్టారో అలాగే చేస్తున్నాను."

"ఏ పెద్దాయన?"

"నాకు ముందు ఇరవై ఏళ్లు ఇక్కడ పనిచేసినాయన. కిందటి నెల పోయారు."

ఆమె తల పక్కన, గోడకున్న మేకుకు ఒక టార్చి వేలాడుతోంది. దాని చుట్టూ ఆకుపచ్చ టేపు.

ఫొటోగ్రాఫర్ దాన్ని గుర్తుపట్టాడు.

"కుడివైపు చివర కూర్చునే కుర్రాడి గురించి ఆయన ఏమైనా రాశారా?" గొంతు తగ్గించి అడిగాడు.

"లేదండీ. ఒక్క కుర్చీ గురించే ఉంది. అది కూడా ఆయనే కొట్టేశారు, చూడండి."

మీటల పక్కన అంటించిన కాగితం మీదికి అతను వంగాడు.

"ఎడమవైపు మూడో కుర్చీ. కెమెరా పాతది. ఆయన కెమెరా ఎత్తినప్పుడల్లా ఆ పక్క వెలుగు ఒక్క పిసరు పెంచాలి, దించగానే తగ్గించాలి."

ఆ మాటల మీద అడ్డంగా ఒక గీత, దాని కింద కెమెరా కొన్న రోజు తేదీ, ఆ తేదీ పక్కన అదే చేతిరాతలో ఇంకో వాక్యం ఉన్నాయి: "కొత్తది కొనుక్కున్నారు, ఇక మన సాయం అక్కర్లేదు."