కొంగు లేని చీరె

"చీదు బిడ్డా, గట్టిగ చీదు!"

ఆయా అంతమ్మ తన కొంగుతో రూతు ముక్కు తుడిచింది. అదే కొంగుతో పక్క పిల్లకు, ఆ పక్క పిలగానికి.

మొయినాబాద్‌ల చర్చి వసారాలోనే బాల్వాడి. ఇరవై మంది పిల్లలకూ అంతమ్మ కొంగే దిక్కు. అండ్ల రూతు సొంత మనుమరాలు, తల్లి లేని పిల్ల.

అరవై తొమ్మిది వానకాలం. తెలంగాణ కావాలని ఊర్లన్నీ లేచినయి, బస్సులు బందయినయి. టీచరమ్మ నిర్మలమ్మ పట్నంల చిక్కుకపోయింది.

ఆ పొద్దు నీలం చీరె కట్టిన ముసలామె ఒకతి, మోకాళ్ల దాకా బురదతో వసారా ఎక్కింది. చేవెళ్ల నుంచి నడిచొచ్చిందట. నీళ్లు తాగి, పిల్లల దిక్కు చూసింది.

"ఒక్క కొంగుతోని అందరికి తుడువకు చెల్లె. ఒకల దగ్గు ఇంకొకలకు అంటుతది."

అంతమ్మకు ఒళ్లు మండింది. దూరం నిలవెట్టి దోసిట్ల నీళ్లు పోసిన దినాలు ఆమె మరువలే.

"నా కొంగు అంటుముట్టయిందా? పుట్టినకాడికెల్లి వింటనే ఉన్న ఈ మాట. ఇగ నువ్వొక్కదానివి తక్కువైనవా?"

"అది గాదు చెల్లె. దగ్గేటోళ్లను జర దూరం పండవెట్టు. సబ్బు పెట్టి చేతులు కడుగు. ఆ కిటికీ తెరువు, గాలాడనియ్యి."

"సాలు తియ్యి! నీ చీరెకు కొంగే లేదు. బెత్తెడు పైట చెక్కుకొని నా కొంగుకు వంకలు పెడ్తవా?"

పిల్లలు కిసకిస నవ్విండ్రు.

ముసలామె పైట సదురుకున్నది. సంచిల నుంచి ఒక మూట తీసి గూట్లె పెట్టింది.

"పిల్లలకు పంచు."

అంతమ్మ ఆ మూటను ముట్టనన్న ముట్టలే.

వారం తిరగలే, పన్నెండు మందికి దగ్గు. పాపం, అంతమ్మ ఒక్కొక్కలను ఒళ్లె ఏసుకొని తుడిచింది. అదే కొంగుతోని.

ఎనిమిదోనాడు రూతుకు ఊపిరాడక డొక్కలెగిరినయి.

పక్కింటి కుర్మయ్య పట్నం దవాఖానకు ఎడ్లబండి కట్టిండు. రోడ్డుకు అడ్డం రాళ్లు. దిగుడు, తీసుడు, మళ్ల ఎక్కుడు.

"జర ఉరికియ్యి కుర్మన్నా!"

"ఎడ్లు ఇంకెంత ఉరుకుతయక్కా?"

గండిపేట దాటంగనే రూతు దగ్గు ఆగింది. అంతమ్మ దేవునికి దండం పెట్టి, మనుమరాలికి కొంగు కప్పింది.

"ఇగ మెల్లగ తోలన్నా. పిల్ల పండుకున్నది."

కుర్మయ్య ఎనుకకు తిరిగి చూసిండు. బండి ఆపిండు.

బస్సులు నడిచినంక నిర్మలమ్మ వచ్చింది. గూట్లె మూట విప్పింది. అన్నీ చేతిగుడ్డలు. అంచులు కుట్టి ఉన్నయి, ఎవరిది వాళ్లు గుర్తుపట్టెటట్టు ఒక్కోదానికి ఒక్కో రంగు దారం.

"సరోజమ్మ వచ్చి పోయిందా? పిల్లలెంతమందని బందుకు ముందు చేవెళ్లల నన్నడిగింది. ఇరవై మందన్న."

పంచంగ ఒకటి మిగిలింది.

అంతమ్మ దాన్ని చేతిల పట్టుకొని చూసింది. అదే నీలం, ఆ చీరెదే.

"ఎవలు టీచరమ్మా ఆమె?"

"షాబాద్ దిక్కు ఒక ఊర్లె నీ లెక్కనే ఆయా, అంతమ్మా. పోయినేడు తన కొంగుతోనే అందరికి తుడిచి తుడిచి, సొంత మనుమన్ని మన్నుల పెట్టుకున్నది."