తీవ్ర ఆందోళన

జైలు ములాఖత్ గదిలో అద్దానికి అవతల కూర్చుని యాగ్నా నవ్వింది. "రాయబారి గారే వచ్చారే! నాకు మాత్రం మీరింకా ప్రొఫెసర్ గారే."

వార్సాలో ఆమెకు రాజనీతి శాస్త్రం చెప్పిన విటోల్డ్, ఇప్పుడు ఈ దేశంలో పోలండ్ రాయబారి.

"నాకు ఎనిమిదేళ్ల శిక్ష వేశారుగా, మన ప్రభుత్వం ఏమంది సార్?"

విటోల్డ్ తల దించుకున్నాడు. "తీవ్ర ఆందోళన వ్యక్తం చేసింది."

"అంటే ఎవరూ ఏమీ చెయ్యరని. క్లాసులో ఈ అర్థం మీరు చెప్తే పగలబడి నవ్వాం. పరీక్షలో అదే రాస్తే ఐదుకి ఐదు వేశారు. ప్రకటన రాసింది మీరేనా?"

"నేనే."

కాపలావాడు టైమైందన్నాడు. యాగ్నా లేచింది.

"అమ్మకి మీరే ఫోన్ చేసి ఆ ప్రకటన చదివి వినిపించండి సార్, ధైర్యంగా ఉంటుంది. అర్థం మాత్రం చెప్పకండి."